నేలకొఱకు నిర్బంధింపబడినవారు – మన సభ్యుల కర్తవ్యము

నీరు, నేల, అడవి చెడకుండ కాపాడవలెనని మాటాడి ఠాణా పాలైనవారికి మద్దతు తెలుపు సభలలోను, ఊరేగింపులలోను రైతు చేరవచ్చునా చేరరాదా యని మా సభ్యులలో పలువురు అడుగుచున్నారు. ఎరువుల బస్తాలకై సంఘ కార్యాలయమునకు వచ్చినవారు తమ పని చక్కబెట్టుకొని, పోవునపుడు గొంతు తగ్గించి ఈ ప్రశ్న వేయుచున్నారు. చట్టము నిషేధింపని దానిని గుఱించి గుసగుసలాడవలసిన అగత్యము లేదు. కావున ఈ సంచికలో దీనిని బహిరంగముగనే చర్చింప దలచితిమి.

పర్యావరణమను మాట మనకు క్రొత్తది కాని అది తెలుపు వస్తువు క్రొత్తది కాదు. బావిలో నీరు త్రాగుటకు పనికివచ్చుచున్నదా, గొడ్లు మేసిన గడ్డి వానిని చంపకున్నదా, విత్తిన కంది పూతనిలుపుచున్నదా యను మూడు ప్రశ్నలకు సమాధానమే పర్యావరణము. దానిని గుఱించి నగరవాసులు మాత్రమే మాటాడుదురనియు, రైతునకు ధర, అప్పు, వాన తప్ప తక్కినవి పట్టవనియు కొందరు తలచుచుందురు. జహీరాబాదు ప్రాంతమున కాపురముండువారెవ్వరును అట్లు తలపజాలరు.

మన తాలూకాలో జరిగినదానినే మొదట చూతము. న్యాల్కల్, ఝరాసంగము మండలములలోని 17 గ్రామములలో 12,635 ఎకరముల భూమిని జాతీయ పెట్టుబడుల ఉత్పత్తి మండలము, అనగా మనవారు 'నిమ్జు' అని పిలుచుచున్న దానికొఱకు సేకరింప నిర్ణయించిరి. 2013వ సంవత్సరపు భూసేకరణ చట్టము ప్రకారము పోవలెనన్నచో, భూమి పోవుటవలన ఊరిలో ఎవరెవరి బ్రతుకు చెడునో ముందుగా విచారింపవలెను. భూమిలేని కూలివానికిని పునరావాసము చూపవలెను. ఆ శ్రమ తప్పించుకొనుటకో యన్నట్లు 2015 జూలైలో 123వ నంబరు ఉత్తర్వు వెలువడెను. భూమి గలవాడు తనంతట తాను అమ్ముచున్నాడని వ్రాయించుకొని, సొమ్ము చేతబెట్టి, రిజిస్టరీ ముగించుట దాని పద్ధతి. పట్టాదారునకు ఎంతో కొంత ముట్టెను. ఆ పొలమున కలుపు తీసి, కోత కోసి బ్రతుకు కూలివానికి ఏమియు ముట్టలేదు. అప్పుడు ఈ ప్రాంతపు వ్యవసాయ కూలీలే హైకోర్టు నాశ్రయించిరి. 2016 ఆగస్టు 3వ తేదీన న్యాయమూర్తి ఆ ఉత్తర్వును కొట్టివేసెను. కొలది దినములలోనే ధర్మాసనము ఆ తీర్పును నిలిపివేసినను, 2017 జనవరిలో ఆ ఉత్తర్వు క్రింద రిజిస్టరీలు జరుపరాదని ఆదేశించెను. సెంటు భూమి లేని కూలివాడు రాష్ట్రమంతటి భూమి వ్యవహారమును న్యాయస్థానమున నిలబెట్టెనన్నమాట. పట్టాదారులమైన మనలో ఎందఱము ఆనాడు వారి వెంట నిలిచితిమో ఎవరికి వారే లెక్క చూచుకొనవలెను.

2022 జూన్ 22వ తేదీన ఎల్గోయి వద్ద రక్షణ సామగ్రి కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. ఆ దినమున తమ పరిహారపు గోడు చెప్పుకొన బయలుదేరిన రైతులను పోలీసులు దారిలోనే అడ్డుకొనిరి. 2024లో న్యాల్కల్ మండలమునందే డప్పూరు, మల్గి, వడ్డి గ్రామములలో సుమారు 2,000 ఎకరములు ఔషధ పరిశ్రమలకు తీసికొందురన్న వార్త వచ్చుటతో ఆ గ్రామములవారు ధర్నాలు జరిపిరి. వారి భయము ఊహామాత్రమని అనుటకు వీలులేదు. కోహీరు మండలమున దిగ్వాల్ మన కన్నుల యెదుటనే యున్నది. అచ్చటి భూగర్భజలము ఔషధ కర్మాగారము మూలమున చెడినదని జాతీయ హరిత ట్రిబ్యునలు 2019లో నిర్ణయించి, 8 కోట్ల రూపాయలకు పైబడిన పరిహారము చెల్లింప నాజ్ఞాపించెను. అంత సొమ్ము చెల్లించినంతమాత్రమున బోరుబావిలోని నీరు మరునాడే తీపెక్కదు. పైగా న్యాల్కల్ వైపు వాగుల నీరు మంజీరలోనికి పోవును. మంజీర సింగూరు జలాశయమును నింపును. సింగూరు నీటిని హైదరాబాదు నగరమే త్రాగును. కావున డప్పూరు రైతు తన బావి కొఱకు వేసిన కేక నగరవాసి కుండ కొఱకు వేసినది కూడ అగుచున్నది.

ఇట్లు చెప్పుటవలన మేము కర్మాగారములన్నిటికిని విరోధులమని సభ్యులు భావింపరాదు. మనలో పలువురు దున్నించు ట్రాక్టరులు ఈ జహీరాబాదులోని కర్మాగారమునందే తయారగుచున్నవి. మన పిల్లలు కొందరు అందు జీతములు తెచ్చుకొనుచున్నారు. 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము ఇచ్చట 3,245 ఎకరములలో పారిశ్రామిక నగరమును నిర్మింప నిశ్చయించినది. పని దొరకుట మంచిదే. ఏ పరిశ్రమ, ఏ భూమిలో, ఎవరి నీటితో, ఎవరి సమ్మతితో నను ప్రశ్నలు అడుగువానిని దేశద్రోహియనుట మాత్రము మంచిది కాదు.

ఇక నిర్బంధింపబడినవారి సంగతి. 2025 మార్చి 30వ తేదీన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము ప్రక్కనున్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరముల పొదలను, చెట్లను యంత్రములతో కొట్టివేయ మొదలిడిరి. అడ్డుపడిన విద్యార్థులను పదులకొలది పోలీసు బండ్లలో తీసికొనిపోయిరి. ఇద్దరిని జైలుకు పంపిరి. విద్యార్థులు గేటువద్దనే బైఠాయించిరి, పాటలు పాడిరి, నెమళ్ల కేకలు, జింకల బొమ్మలు లోకమునకు చూపిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు తనంతట తానే విషయమును చేపట్టి, చెట్లు కొట్టుట నిలిపివేయించెను. ఆ నెలలోనే విద్యార్థులపై పెట్టిన కేసులు ఉపసంహరింప ప్రభుత్వము ఆదేశించెను. ఆ పిల్లలలో రైతుబిడ్డలు కొల్లలు. పొలము అమ్మి చదివించిన తండ్రి ఆ రాత్రి ఠాణా గుమ్మమున ఎట్లు కూర్చుండియుండునో మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

లదాఖ్ దేశపు వార్తయు సభ్యులు వినియే యుందురు. చలికాలమున వృథాగా పోవు నీటిని మంచు స్తూపములుగా గడ్డకట్టించి, విత్తు అదనున అవి కరగి పొలములకు పారునట్లు ఉపాయము చేసిన సోనం వాంగ్‌చుక్ గారు 2024లో తోటివారితో లేహ్ నుండి ఢిల్లీకి పాదయాత్ర చేసిరి. సెప్టెంబరు 30వ తేదీన ఢిల్లీ పొలిమేరలో వారిని నిర్బంధించిరి. మరుసటి సంవత్సరము సెప్టెంబరు 24న లేహ్‌లో అల్లరి చెలరేగి, నలుగురు ప్రాణములు కోల్పోయిరి. వెంటనే వారు తమ నిరాహారదీక్షను విరమించిరి. అయినను రెండు దినములకే జాతీయ భద్రతా చట్టము క్రింద వారిని పట్టుకొని జోధ్‌పూరు జైలునకు పంపిరి. ఆ చట్టము 1980 నాటిది. నేరారోపణ లేకయే పండ్రెండు మాసములవరకు మనిషిని లోపల నుంచుటకు అది అవకాశమిచ్చుచున్నది.

మన పొరుగుననే జరిగిన రెండు సంగతులు మరికొంత కఠినమైనవి. 2024 నవంబరు 11వ తేదీన వికారాబాదు జిల్లా లగచర్లలో ఔషధ గ్రామములకు భూసేకరణ విషయమున అభిప్రాయము తెలిసికొనబోయిన కలెక్టరు మొదలగు అధికారులపై దాడి జరిగెను. ఆ రాత్రియే పోలీసులు లగచర్ల, రోటిబండ తండా మున్నగు చోట్ల ఇండ్లపైబడి రైతులను పట్టుకొనిరి. వారిలో పలువురు మన సంగారెడ్డి జైలులోనే అయిదు వారములుండిరి. తండా స్త్రీలు ఢిల్లీవరకు పోయి జాతీయ మానవ హక్కుల సంఘమునకు తమ మొర వినిపించిరి. నవంబరు కడపట ఔషధ గ్రామముల నోటిఫికేషనును ప్రభుత్వము వెనుకకు తీసికొని, వెంటనే వేరొక పారిశ్రామిక వాటికకు నోటిఫికేషను వేసెను. డిసెంబరులో గుండెనొప్పి వచ్చిన ఒక రైతును జైలునుండి బేడీలతో ఆసుపత్రికి తీసికొనిపోగా ముఖ్యమంత్రియే దానిని తప్పుపట్టవలసి వచ్చెను. ఆ మాసపు మూడవ వారమున రైతులు జామీనుపై వెలుపలికి వచ్చిరి.

2025 జూన్ 4వ తేదీన గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ఇథనాలు కర్మాగారమునకు ఎదురునిలిచిన గ్రామస్థులలో పండ్రెండుగురను పట్టుకొనిరి. అక్కడను కొంత ఆస్తి ధ్వంసమైన మాట నిజమే. జూన్ 18న వారిని అలంపురము న్యాయస్థానమునకు బేడీలు వేసి తీసికొనివచ్చిరి. విచారణలోనున్న వానికి, పారిపోవుననుటకు తగిన కారణము లేనిదే, సంకెల వేయరాదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పెను; మేజిస్ట్రేటు అనుమతి లేక వేయరాదని 1995లో మరల ఖండితముగా చెప్పెను. ఇన్నేండ్ల తరువాత ఈ తీర్పులు రైతు మణికట్టు వఱకు దిగిరాకపోవుట విచారకరము.

ఈ రెండు సంగతులను పోల్చి చూచినపుడు మాకు తోచునది దాచక చెప్పెదము. లగచర్లలో అధికారిపై లేచిన చేయి ఆ రైతుల భూమి సంగతిని వారములకొలది మరుగుపరచెను. ఎంత భూమి, ఎవరి భూమి, ఏ విషము అను ప్రశ్నలు పోయి, కొట్టినవారెవరు, కొట్టించినవారెవరు అను ప్రశ్నయే పత్రికలనిండ నిండెను. రాయి విసరినవాడొక్కడైనను ఠాణాకు పోవువారు తండా అంతటివారు. సోంపేటలో బీల నేలలను విద్యుత్ కేంద్రమునకు ఇచ్చినపుడు 2010 జూలై 14వ తేదీన పోలీసు కాల్పులలో రైతులు మరణించిరి. అయినను ఆ ఊరివారు ఏండ్ల తరబడి దీక్షా శిబిరమున వంతులు వేసికొని కూర్చుండిరే కాని పగకు పూనుకొనలేదు. పర్యావరణ అనుమతిని ఆ దినమే అప్పిలేటు అధికార సంస్థ రద్దుచేసియుండెను. నల్లమలలో యురేనియము త్రవ్వకములు వద్దని ఊళ్లన్నియు శాంతముగా కలసి చెప్పగా, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభయే ఆ మేరకు తీర్మానము చేసెను. శాంతముగానుండుట చేతకానితనమని మన యువకులు కొందరు అనుచున్నారు. చేతకానివాడు మూడేండ్లు దీక్షా శిబిరమున కూర్చుండగలడా?

మన ప్రాంతమున శాంతియుతమైన ఊరేగింపు ఎట్లుండునో నేర్పుటకు ఎవరును రానక్కరలేదు. పస్తాపురపు దక్కను అభివృద్ధి సంఘమువారి స్త్రీలు ఏటేట సంక్రాంతి వేళ ఎద్దుబండ్లపై పాతపంటల గింజలు అలంకరించుకొని, ఊరూర తిరిగి, మాచ్నూరులో ముగింపు చేయుట చూచుచునే యున్నాము. ఎవ్వరి దారికిని అడ్డుపడరు, ఎవ్వరిని తిట్టరు. కాని వారు చెప్పదలచినది వినని ఊరు లేదు. నిర్బంధితుల కొఱకు చేయు సభయు అట్లే జరుగవలెను. రాజ్యాంగము 19వ అధికరణము ఆయుధములు లేక శాంతముగా గుమిగూడు హక్కునిచ్చుచున్నది. 51ఎ అధికరణము అడవులను, నదులను, ప్రాణులను కాపాడుట పౌరుని విధియని చెప్పుచున్నది. అయితే రహదారిని ఎన్నాళ్లయినను మూసి కూర్చుండు హక్కు లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పినది. మన ఊరి మీదుగా పోవు 65వ నంబరు జాతీయ రహదారిపై బైఠాయించి, ఆలుగడ్డ బండినో, కాన్పునకు పోవు తల్లినో ఆపినవాడు తాను మద్దతు తెలుపవచ్చినవారికే అపకారము చేయును. మైదానముననో, తహసీలు కచేరి యెదుటనో, ముందుగా పోలీసువారికి వ్రాతపూర్వకముగా తెలిపి, రసీదు పుచ్చుకొని కూర్చుండవలెను. కఱ్ఱలు, కొడవళ్లు వెంట రాగూడదు. పొలమునుండి సరాసరి వచ్చినవారు కొడవలిని ఇంటివద్ద నుంచి రావలెనని మేమిట్లు వ్రాయుట చదివి నవ్వువారుందురు. కాని కేసు కాగితమున అది మారణాయుధమని ఎక్కును.

సంఘము పేరుతో పోవచ్చునా యని మరియొక ప్రశ్న. సంఘమునందు అన్ని పార్టీలవారును, ఏ పార్టీయు లేనివారును సభ్యులు. సంఘ నిధి ఉపనియమములలో చెప్పిన పనులకే వ్యయింపబడవలెను. బ్యానరుకు గాని, లారీ బాడుగకు గాని అందుండి ఒక్క రూపాయి తీయరాదు. సంఘ ముద్ర కరపత్రముపై పడరాదు. సభ్యుడు తన పేరుతో, తన ఖర్చుతో పోవలెను. ఇట్లని సంఘము ఊరి కష్టమునకు కన్నులు మూసికొనవలెనని అర్థము కాదు. 1937లో అంతర్జాతీయ సహకార సమాఖ్య రాజకీయ తటస్థతను ఒక సూత్రముగా పెట్టుకొనెను. 1995లో సూత్రములను తిరుగవ్రాసినపుడు తాము వసించు సమాజము యెడల శ్రద్ధ వహించుటను ఏడవ సూత్రముగా చేర్చెను. ఊరి బావి విషమగుచున్నదని సర్వసభ్య సమావేశమున తీర్మానించి కాలుష్య నియంత్రణ మండలికి పంపుట ఏ పార్టీ పనియు కాదు. అది సంఘము చేయదగినదే, మా అభిప్రాయమున చేయవలసినదే.

సభకు పోయినవారిని పోలీసులు బండి ఎక్కించినచో బెదరరాదు, పెనుగులాడరాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 170వ సెక్షను క్రింద ముందుజాగ్రత్తగా పట్టుకొన్నవానిని, వేరే కేసు లేనిచో, ఇరువది నాలుగు గంటలకు మించి ఉంచరాదు. కేసు పెట్టినచో అంతలోపల మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. ఎందుకు పట్టుకొన్నారో చెప్పవలెను, ఇంటివారికి కబురు చేయవలెను, అరెస్టు కాగితముపై ఇంటివాని గాని, ఊరి పెద్దమనిషి గాని సంతకముండవలెను, వకీలును చూడనీయవలెను. ప్రొద్దుగుంకిన పిదప, తెల్లవారకముందు స్త్రీలను అరెస్టు చేయవలెనన్నచో అసాధారణ పరిస్థితి యుండవలెను, స్త్రీ అధికారి యుండవలెను, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతియు ఉండవలెను. తెల్లకాగితముపై సంతకము గాని, వేలిముద్ర గాని వేయరాదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు తెగలవారికి, నిర్బంధములో నున్నవారెల్లరకును ప్రభుత్వ ఖర్చుపై వకీలు దొరకును. సంగారెడ్డిలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టవలెను, లేదా 15100 నంబరునకు ఫోను చేయవలెను.

ఇంతవరకు చెప్పినది ఏ పత్రికలోనైనను దొరకును. సహకార సంఘము వారమైన మేము ముఖ్యముగా చెప్పదలచినది వేరొకటి యున్నది. నిర్బంధింపబడినవాడు విద్యార్థియైనచో పరీక్ష పోవును, ఉద్యోగియైనచో జీతము పోవును. రైతైనచో పొలము పోవును. పెద్ద ధన్వాడవారిని పట్టుకొన్నది రోహిణి కార్తెలో. బేడీలతో కోర్టుకు తెచ్చునప్పటికి మృగశిర నడుచుచున్నది. మొదటి వానకు విత్తనివాని పునాస గతి మీకు తెలియనిది కాదు. లగచర్లవారు లోపలనున్నది పత్తి ఏరు దినములలో, యాసంగి శనగలు మొలకెత్తు దినములలో. ఆ దినములలో వాని ఎద్దులకు మేత ఎవరు వేసిరి? పాలు ఎవరు పితికిరి? ఏరని పత్తి మంచుకు తడిసి నల్లబడిన నష్టమును ఏ న్యాయస్థానము తిరిగి యిప్పించును? సభలో మైకు ముందు నినాదమిచ్చువారు నూర్లకొలది దొరకుదురు. మరునాడు తెల్లవారుజామున ఆ పొలమునకు గుంటక కట్టుకొని పోవువారు దొరకుట అరుదు. మా దృష్టిలో రెండవదియే పెద్ద మద్దతు. దానికి ఏ పోలీసు అనుమతియు అక్కరలేదు, దానిని ఏ సెక్షనును నిషేధింపదు.

కావున మా సూచన యిది. ఏ గ్రామమునందైనను సభ్యుడొకడు ఇట్టి కారణమున నిర్బంధితుడైనచో, ఆ వీధివారు అయిదారుగురు కూడి వాని పొలము పనిని వంతులు వేసికొనవలెను. ఒకరి పొలమున ఒకరు బదులుపని చేసికొనుట మనకు క్రొత్త కాదు. లోపలనున్నవాడు వచ్చి ఆ బదులు తీర్చుకొనును, తీర్చుకొనలేకున్నను ఫరవాలేదు. విత్తనము లేకున్నచో సంఘమువారి గింజల కొట్టునుండి అప్పుగా తీసికొని, పంట వచ్చిన తరువాత కొంత కలిపి తిరిగి కొలువవచ్చును. ఈ పద్ధతిని మన ఊళ్లలోని దళిత స్త్రీలు ఏండ్లుగా నడుపుచున్నారు. మగవారు లేని ఇంటికి పనికై పోవునపుడు ఊరి స్త్రీలను వెంట తీసికొని పోవుట మర్యాద. ఆ యింటి ఇల్లాలిని అడుగక ఏ మడినిని దున్నరాదు. పొలము ఎట్లు సాగవలెనో ఆమెకే ఎక్కువగా తెలియును.

అప్పు సంగతి మరచుటకు వీలులేదు. పంట ఋణము గడువులోపల కట్టినవారికి వడ్డీలో నూటికి మూడు రూపాయల తగ్గింపు కలదు. ఒక్కదినము దాటినను అది పోవును, బాకీదారుల పట్టికలో పేరెక్కును, మరుసటి పంటకు అప్పు పుట్టదు. జైలులోనున్నవాడు గడువు తేదీని గుర్తుంచుకొని కట్టునని ఎదురుచూచుట తెలివితక్కువ. కావున అట్టి సభ్యుని ఖాతాను కార్యదర్శి వెంటనే చూచి, గడువు ఎప్పుడో ఇంటివారికి స్వయముగా పోయి చెప్పవలెను. ఇంటివారు సొమ్ము సమకూర్చుకొనలేకున్నచో తోటి సభ్యులు చేబదులిచ్చి గడువు కాపాడవలెను. ఇది వ్యక్తులుగా ఇచ్చునదే కాని సంఘ నిధి నుండి కాదు. కాగితములపై సంతకము కావలసినచో జైలు సూపరింటెండెంటు ఎదుట సంతకము చేయించి, వారి ధ్రువీకరణతో తెచ్చుకొనవచ్చును. ములాఖాతు దినమున వకీలుతోగాని, ఇంటివారితోగాని ఈ కాగితములు కూడ పంపవలెను. పాసుపుస్తకము, ఆధారు నకళ్లు ముందే ఇంటివారి చేతనుండవలెను; ఇవి దొరకక పత్తిని మార్కెటులో తూకము వేయించలేక తక్కువకు అమ్ముకొన్నవారు ఎందఱో కలరు.

ఈ పనులకు ప్రతి గ్రామమున ఇద్దరు సభ్యులు, అందొకరు స్త్రీ, ముందుకు వచ్చినచో వారి పేర్లను కార్యాలయమున వ్రాసికొందుము. మృగశిరకు ముందే వ్రాయించుట మేలు.